తుపానుల నెలలు - డెల్టా వరి - కౌలుదారు

2025వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీ రాత్రి మొంథా తుపాను నర్సాపురము చేరువను తీరము దాటెను. అప్పటికి డెల్టాలో వరి కొన్నిచోట్ల ఈనికమీదను, కొన్నిచోట్ల పాలుపోసుకొను దశయందును ఉండెను. ముందుగా ఊడ్చినచోట్ల గింజ ముదురుచుండెను. అంతకు రెండేండ్లకు ముందు, 2023 డిసెంబరు 5వ తేదీన, మిచౌంగ్ తుపాను బాపట్లయొద్ద తీరము దాటినప్పుడు పంట కోతలకు వచ్చియుండెను. కోసిన ధాన్యము కళ్లములలో నుండెను. 2018 డిసెంబరు 17న పెథాయ్ కోనసీమమీద పడెను. 2013 నవంబరులో హెలెన్ మచిలీపట్టణముదిక్కునకు వచ్చెను. 2012లో నీలం తుపాను ఎక్కడో మహాబలిపురముకడ తీరము దాటియు గోదావరి మండలములను వానలతో ముంచివేసెను. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెననుగూర్చియు, 1996 నవంబరు 6 నాటి కోనసీమ గాలివాననుగూర్చియు మన పాఠకులకు వేరుగ జెప్పనక్కరలేదు. ఈ తేదీలన్నియు ఒకచోట జేర్చి చూచినచో ఒక్క సంగతి తేటపడును. అక్టోబరు కడపటినుండి డిసెంబరు నడుమవరకు గల యేడెనిమిది వారములు తుపానుల కాలము. మన సార్వా పంట ఈనుట, పండుట, కోతకు వచ్చుట, కళ్లమునకు చేరుట యనునవన్నియు సరిగా ఆ వారములలోనే జరుగుచున్నవి.

తుపానులు బంగాళాఖాతమునకు క్రొత్తవి కావు. భూతాపము హెచ్చుటవలన తుపానుల లెక్క పెరిగినదని సభలలో చెప్పువారు కలరు. అది సరియైన మాట కాదు. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వశాఖవారు 2020లో ప్రకటించిన నివేదిక ప్రకారము గత శతాబ్దపు నడిమికాలమునుండి ఉత్తర హిందూ మహాసముద్రమున తుపానుల సంఖ్య తగ్గినది. కాని మిక్కిలి తీవ్రమైనవి మాత్రము ఋతుపవనముల యనంతరకాలమున, ఈ శతాబ్దపు మొదటి రెండు దశాబ్దములలో, హెచ్చినవి. ఉష్ణమండల హిందూ మహాసముద్రపు పైనీరు 1951-2015 నడుమ ఇంచుమించు ఒక డిగ్రీ వేడెక్కినది. వేడిగాలి తేమను హెచ్చుగ మోయును. కావున వచ్చిన వాన కొద్ది గంటలలో కుంభవృష్టియై కురియుచున్నది. సముద్రమట్టము 1993-2017 నడుమ సాలునకు 3.3 మిల్లీమీటర్ల చొప్పున లేచినది. ఈ కడపటి యంకెను చిన్నదని త్రోసివేయరాదు. మురుగుకాలువ నోట నీరు సముద్రములోనికి పోవుటకు గల వాలు డెల్టాయందు మొదలే స్వల్పము. అది యింకను తరిగినచో ఆటుపోట్ల వేళ మురుగు వెనుకకు తన్నును.

పంటను తుపానునకు ముందే ఇంటికి చేర్చుకొనరాదా యని పట్టణవాసులైన మిత్రులు మమ్ము అడుగుచుందురు. ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము నీటిలో నున్నది. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైనవి. ఆనాడు కృష్ణ పొంగినప్పుడు ఆ నీరు నేరుగ కాలువలలోనికి వచ్చుచుండెను. ఇప్పుడు ఆలమట్టి, జూరాల, శ్రీశైలము, నాగార్జునసాగరము వరుసగా నిండినగాని క్రిందివారికి చుక్క రాదు. పైగా కృష్ణ పుట్టిన పడమటి కనుమలలోనే నైరృతి వానలు తగ్గుచున్నట్లు ఆ నివేదికయే చెప్పుచున్నది. వానలు చాలని యేండ్లలో కృష్ణా డెల్టాకు నీరు ఆగస్టుదాక రాలేదు. ఆగస్టులో ఊడ్చిన స్వర్ణ డిసెంబరులో గాని కోతకు రాదు. 2015లో ఆరంభింపబడిన పట్టిసీమ ఎత్తిపోతలచే గోదావరి నీరు ప్రకాశం బ్యారేజికి పైన చేరుట మొదలుపెట్టిన పిమ్మట ఈ యాలస్యము కొంత తగ్గినది. 2022లో ప్రభుత్వమువారు మరియొక యడుగు వైచి గోదావరి డెల్టాకు జూన్ 1వ తేదీననే, కృష్ణా డెల్టాకు జూన్ 10వ తేదీననే నీరు విడిచిరి. నవంబరు తుపానులకు ముందే కోతలు ముగియవలెననుట వారు చెప్పిన కారణము. ఆలోచన మంచిది, మేము దానిని కొనియాడుచున్నాము.

అయినను అది యొక్కటే చాలదు. జూన్ 1న లాకులెత్తిన నీరు శివారు భూములకు చేరుసరికి నెల సగము గడచును. జూన్ నడుమ విత్తనము చల్లినచో, నూటనలువదియైదు మొదలు నూటయేబది దినముల పంటయగు స్వర్ణ నవంబరు రెండవవారమున గాని పండదు. అనగా మొంథావంటి తుపానునకు సరిగా చిక్కును. ముందుగా ఊడ్చుటయందు మరియొక చిక్కుకూడ కలదు. గోదావరి వరదలు జూలై, ఆగస్టు నెలలవి. నీరు ముందుగా విడిచిన ఆ 2022 జూలైలోనే భద్రాచలముకడ గోదావరి 71 అడుగులు దాటెను; 1986 ఆగస్టులో 75 అడుగులు దాటినది. లేత నారు వరదలో మునుగుట యొకవైపు, పండిన చేను తుపానులో పడుట యొకవైపు. వీని నడుమ పూర్తిగా క్షేమమైన తేదీ డెల్టా రైతునకు పంచాంగములో లేదు. ఊరంతయు ఒకే విత్తనమును ఒకే వారమున ఊడ్చుట మాని, కొంత ముందు, కొంత వెనుక, కొంత స్వల్పకాలపు రకము, కొంత దీర్ఘకాలపు రకము వేసి, ఒక్క తుపాను ఒక యింటి పంటనంతయు తీసికొనిపోకుండ చూచుకొనుటయే సాధ్యమైన మార్గము.

విత్తనములకు కొదువ లేదు. పశ్చిమగోదావరిలోని మార్టేరు పరిశోధనాస్థానము 1982లో ఇచ్చిన స్వర్ణయు, బాపట్లవారు 1986లో ఇచ్చిన సాంబమసూరియు దేశమంతట ప్రాకినవి. ఇవి రెండును దీర్ఘకాలపు రకములు. ఆ మార్టేరువారే ఇచ్చిన ఎం.టి.యు. 1010, అనగా కాటన్‌దొర సన్నాలు, నాలుగు నెలలలో చేతికి వచ్చును. ముంపునకు ఓర్చు స్వర్ణ-సబ్1 అను రకము 2009లో విడుదలయ్యెను. ఒరిస్సా రైతుల నాటువరినుండి తీసిన గుణము దానిలో కలిపిరి. పైరు లేతదనమున రెండు వారములు నిలువ మునిగినను అది ప్రాణము నిలుపుకొనును. కాని పండి పడిపోయిన చేనును అది కాపాడదు. జూలై వరదకు అది మందు, నవంబరు గాలివానకు కాదు. ఈ భేదమును తెలుపకుండ తుపానును తట్టుకొను విత్తనమని అమ్మువారిని రైతులు నమ్మరాదు. కోతకాలమునకు కావలసిన గుణములు వేరు: కాండము గట్టిదై పడకుండుట, పడినను గింజ కొన్నాళ్లు నిద్రలోనుండి వెన్నుమీదనే మొలకెత్తకుండుట. మన పరిశోధనాస్థానములకు ఈ గుణములు తెలియనివి కావు.

విత్తనమున్నది, నీరు ముందుగా వచ్చుచున్నది. అయినను తీరప్రాంతపు రైతు స్వర్ణనే ఏల పట్టుకొని వ్రేలాడుచున్నాడు? అజ్ఞానమని కొందరు అధికారులు తేల్చివేయుదురు. మేము ఆ మాట నంగీకరింపము. అతడు లెక్క తెలిసియే అట్లు చేయుచున్నాడు. ఆ లెక్కలో భూస్వాములమైన మనకును పాలు కలదు. ఈ వ్యాసమున మేము ముఖ్యముగ జెప్పదలచిన దిదియే.

డెల్టాయందు దున్నువాడు తరచుగా భూమిగలవాడు కాడు. 2018-19 వ్యవసాయ సంవత్సరమునకై జరిగిన జాతీయ నమూనా సర్వే 77వ విడత లెక్కలలో, సేద్యపు కమతములలో కౌలుకు తీసికొన్నవాని పాలు ఆంధ్రప్రదేశములోనే దేశమున కెల్ల హెచ్చు. నూటికి నలువదికి పైగా తేలినది. గోదావరి డెల్టాలో ఎరుగనివారెవ్వరు? భూమి యజమాని భీమవరములోనో, విజయవాడలోనో, హైదరాబాదులోనో, సముద్రములకావలనో ఉండును. చేలో కాలు పెట్టువాడు కౌలుదారు. ఈ కౌలు పంటలో పాలుగ కాక, ఎకరమునకిన్ని బస్తాలని ముందుగానే కట్టుబడిగా నుండును. మాటవరుసకు ఎకరమునకు ముప్పది బస్తాలు పండు పొలమునకు పదునైదు బస్తాలు కౌలనుకొందము. మిగిలిన పదునైదింటిలోనే దుక్కి, ఊడ్పు, ఎరువు, మందు, కోత, మోత సర్వము గడువవలెను. స్వల్పకాలపు రకము వేసినచో ఎకరమునకు మూడు బస్తాలు తగ్గుననుకొనుడు. భూమికి అది పదింట ఒకవంతు నష్టము. కౌలుదారునకో, తన పదునైదింటిలో మూడు పోయినవి, అయిదింట ఒకవంతు. యజమానికి ఒక్క గింజయు తగ్గదు. 2025-26 సంవత్సరమునకు సాధారణ రకము ధాన్యమునకు కేంద్రము నిర్ణయించిన మద్దతు ధర క్వింటాలు 2,369 రూపాయలు. డెబ్బదియైదు కిలోల బస్తా చొప్పున ఆ మూడు బస్తాలు అయిదువేల మూడువందల రూపాయలకు పైమాటయే. తుపాను వచ్చునో రాదో తెలియదు. కౌలు మాత్రము తప్పదు. అందుచే అతడు ఎక్కువ పండు దీర్ఘకాలపు రకమునే వేసి, నవంబరును దైవముమీద వదలుచున్నాడు. ఇట్టి కట్టుబడి నిలిచియున్నంతకాలము శాస్త్రజ్ఞుల సలహా కరపత్రములలోనే యుండును.

తుపాను వచ్చినపిమ్మట ఏమి జరుగుచున్నదో అదియు చూడుడు. పూర్వము కొడవళ్లతో కోసి, పనలు ఆరవైచి, కుప్ప వేసెడివారు. కుప్ప వేసిన వరి ఒక వానకు చెడదు. నూర్పు సంక్రాంతి దాటియైనను చేసికొనవచ్చును. నేడు కూలీలు దొరకరు, యంత్రపుకోత వచ్చినది. యంత్రము గింజను పచ్చిగానే రాల్చును. కొనుగోలు కేంద్రములలో తేమ నూటికి 17 మించరాదని నియమము. కావున ఆ ధాన్యమును రహదారిమీదనో, కాలువగట్టుమీదనో పోసి, బరకములు కప్పి, ఎండకై ఎదురుచూడవలసి వచ్చుచున్నది. యంత్రము రాకతో పది దినముల పని యొకపూటలో ముగిసినమాట నిజమే. కుప్ప ఇచ్చిన భద్రతయు దానితో పోయినది. గ్రామమునకొక ఆరబెట్టు యంత్రమును, ఎత్తయిన సిమెంటు కళ్లమును ఏర్పరచుటకు పట్టు సొమ్ము, తుపాను తరువాత రంగుమారిన ధాన్యమును కొనుటకై సడలింపులు వేడుచు ఢిల్లీకి వ్రాయు లేఖల విలువకంటె మిక్కిలి యుపయోగకరము.

నష్టపరిహారము సంగతి యింకను విడ్డూరము. 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమాలో ఆహారధాన్యములకు ఖరీఫున రైతు కట్టవలసినది బీమా మొత్తమున నూటికి రెండు. అది భారము కాదు. అయితే బ్యాంకు అప్పు భూమి కాగితముమీద యజమాని పేర నుండును. ఒకే భూమిమీద రెండవ పంటఋణము ఇయ్యరు గనుక కౌలుదారునకు అప్పు బయటివడ్డీకే. 2019లో మొదలైన పి.ఎం. కిసాన్ ఆరువేల రూపాయలు భూమిగలవానికే. తుపాను తరువాత లెక్క వ్రాయ వచ్చినవారు పొలముగట్టుమీద అడుగునది పాసుపుస్తకము. కౌలుదారుని పేరెక్కని పొలమునకు వచ్చిన పరిహారము, చేలో నష్టపడినవాని చేతికిగాక, పట్టణములో సురక్షితముగ నున్నవాని ఖాతాకు చేరును. దానిని తెచ్చి కౌలుదారునకిచ్చు యజమానులు కలరు. వారు అందరు కారు.

చట్టము లేకపోలేదు. 1956 నాటి కౌలు చట్టము కౌలునకు ఆరేండ్ల గడువును విధించెను; భూమి పోవునను భీతితో యజమానులు నోటిమాట కౌలులకు దిగిరి. ఆ భీతిని తీర్చుటకై 2011లో ఋణార్హత కార్డుల చట్టము వచ్చెను. దాని స్థానమున వచ్చిన 2019 నాటి పంటసాగుదారుల హక్కుల చట్టము పదునొకండు నెలల కార్డును మాత్రమే యిచ్చి, భూమిమీద సాగుదారునకు ఏ హక్కును రాదని స్పష్టముగ వ్రాసి, యజమాని సంతకమును మాత్రము కోరెను. అంత వ్రాసినను సంతకములు కరవైనవి. చట్టమెన్నిమారులు మారినను ఈ సంతకమే దానికి కీలకము. పదునొకండు నెలల కాగితమువలన భూమి పోయినదను వార్త మాకు తెలిసినంతలో రాలేదు. పోవునది యెరువుల సబ్సిడీ, బీమా సొమ్ము, బ్యాంకు అప్పు యజమాని పేర వచ్చు సౌకర్యము. ఇది భీతికాదు, లాభమని చెప్పుటకు మాకు సంకోచము లేదు.

ఈ మాటలు కొందరికి కటువుగ తోచవచ్చును. అట్టివారు తమ తాతల చరిత్రమును స్మరింతురుగాక. 1930 ప్రాంతమున కృష్ణా గోదావరి డెల్టాలలో దొరతనమువారు పునఃపరిష్కారము పేర భూమిశిస్తును నూటికి 18¾ వంతులు, అనగా రూపాయికి మూడణాల చొప్పున, పెంచదలచినప్పుడు ఈ జిల్లాల రైతులు ఏకకంఠముతో ఎదిరించిరి. ఆ తరములవారు జమాబందీలో కలెక్టరుగారి యెదుట నిలిచి వేడినదేమి? పంట పోయిన యేట శిస్తు వజా చేయుమని. పండని పంటమీద పన్ను అన్యాయమని వారు వాదించిరి. ఆ వాదము న్యాయమైనది. 1937-38లో ఇచ్ఛాపురమునుండి మద్రాసుదాక సాగిన రైతు రక్షణయాత్ర దేశమెరిగినదే. నాడు సర్కారునుండి మనవారు కోరిన వజానే నేడు కౌలుదారు మననుండి కోరుచున్నాడు. ఆనాటి సర్కారు నోటనుండి వచ్చిన ప్రత్యుత్తరమునే మనమిప్పుడు ఇచ్చుట యెట్లు?

యజమానులు మాత్రమే దోషులని మా యభిప్రాయము కాదు. కౌలు సగము వదలుకొన్నను, మురుగు కదలనిచో పంట నిలువదు. 1964 ప్రాంతపు ముంపులతరువాత మిత్రా సంఘము డెల్టా మురుగుకాలువల విషయమై సూచనలు చేసెను. వానికి కావలసిన ద్రవ్యమునకై 1968లో మురుగునీటి పన్ను చట్టము చేసి డెల్టా రైతులనుండియే వసూలు చేసిరి. పన్ను కట్టిన తరము గతించినది. కాలువలలో గుర్రపుడెక్క మిగిలినది. చేపల చెరువులు, రొయ్యల చెరువులు మురుగుకాలువల గట్లను కొరికి లోనికి జరిగినవి. వీని యజమానులలో భూస్వాములును, రాజకీయులును కలరు. వీరిపేరు చెప్పిన యధికారికి బదిలీ వచ్చునని జనులాడుకొందురు. కొల్లేటినీరు సముద్రమునకు పోవు ఏకైక మార్గము ఉప్పుటేరు. దాని నోరు పూడుచుండ పైన నెన్ని గట్లెత్తినను ఫలమేమి? 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు పట్టణవాసులకుకూడ మురుగుకాలువ యన నేమో తెలిసినది. 2011లో కోనసీమ రైతులు దాదాపు లక్ష యెకరములలో సార్వా వేయక పంటవిరామము ప్రకటించినప్పుడు చెప్పిన కారణములలో గిట్టుబాటు ధరతోపాటు మురుగుకాలువలును ఉండెను. మోహన్ కందా గారి యధ్యక్షతన సంఘము కూర్చున్నది, నివేదిక వచ్చినది. 2022లో కోనసీమలో పంటవిరామపు మాట మరల వినవచ్చెను.

వరి మానివేసి చిరుధాన్యములు వేయుడని యుపదేశించువారు కొందరు బయలుదేరినారు. అనంతపురమునకు ఆ మాట సరిపోవచ్చును. జూలై మొదలు నవంబరువరకు అడుగునీరు నిలుచు డెల్టా నల్లరేగడిలో వరి తప్ప మరియొకటి నిలువదు. మార్పునకు తావున్నది సార్వాలో కాదు, దాళ్వాలో. గోదావరి క్రింద దాళ్వా వరికి నీరు చాలని యేండ్లలో సీలేరు జలములకై విద్యుచ్ఛాలలను ప్రార్థింపవలసి వచ్చుచున్నది. కృష్ణా డెల్టాలో వరికోతకు ముందే చేలో మినుము చల్లు ఆచారము మనవారిదే. ఎరువులేక, నీరులేక, మిగిలిన పదునుమీదనే ఆ పంట వచ్చును. సార్వా ముందుకు జరిగినచో మినుమునకును పదును దక్కును. అయితే యంత్రపుకోత చక్రముల క్రింద మొలక నలుగుచున్నది; తేలికయంత్రములను గూర్చి మన యింజనీర్లు ఆలోచింపవలసియున్నది.

మేము కోరునవి పెద్దకోరికలు కావు. కౌలు ఒడంబడిక వ్రాతమూలకముగ నుండవలెను. పంట మూడవవంతుకు మించి పోయినట్లు గ్రామపులెక్క తేలినచో కౌలుకూడ అదే పాలున తగ్గునని అందులో ఒక పంక్తి యుండవలెను. స్వల్పకాలపు రకము వేయుటకు యజమాని కోరినచో తగ్గిన బస్తాలలో సగము తానే భరింపవలెను. ప్రభుత్వమువారు తమవంతుగ పరిహారమును పాసుపుస్తకమునకు గాక పంటనమోదులోని సాగుదారునకే చెల్లింపవలెను; మురుగుకాలువల పూడిక ఎండకాలములో, కాంట్రాక్టరుల తీరుబడిని బట్టికాక నీరు విడుచు తేదీని బట్టి, ముగింపవలెను. ఎరువాకకు ముందే, కౌలుమాటలు జరుగు ఈ వేసవిలోనే, ప్రతి గ్రామసచివాలయమున యజమానియు కౌలుదారును ఒకచోట కూర్చుండి సంతకములు చేయుటకు తేదీలు నిర్ణయించి చాటింపు వేయింపవలెను. దూరదేశమున నుండువారి సంతకమును ఫోనుమూలమున పుచ్చుకొనుట ఈ కాలమున కష్టముకాదు; భూమి అమ్మకమునకు వలసిన కాగితములకు వారు ఆ శ్రమ పడుచునే యున్నారు.